తెలుగు గొంతు విండోస్‌లోకి వచ్చిన దారి

2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ తెలుగు అక్షరాన్ని తెరమీదికి తెచ్చింది. గౌతమి ఫాంటు దాంతోపాటే వచ్చింది. ఆ అక్షరాన్ని పైకి చదివే గొంతు మాత్రం రాలేదు. అందులో ఉన్న ఒక్క గొంతు 'శామ్', అదీ ఇంగ్లీషుదే. విండోస్ 10 నాటికి హిందీకి హేమంత్, కల్పన, తమిళానికి వల్లువర్ అనే గొంతులు సిస్టంలోనే చేరాయి. తెలుగు ఆ జాబితాకెక్కలేదు. ధర్పల్లి వంటి మండల కేంద్రంలో చూపులేని డిగ్రీ విద్యార్థి కంప్యూటర్ మీద తెలుగు పాఠం వినాలంటే, ఆ గొంతును ఎవరో బయట తయారుచేసి విండోస్‌కు తగిలించాల్సిందే. ఈ చరిత్ర చెప్పేవాళ్లు దీన్ని పరిశోధనల చరిత్రగానే చెబుతారు: ఏ సంస్థ ఏ పద్ధతి కనిపెట్టింది, ఎన్ని వాక్యాలు రికార్డు చేసింది అని. నాకు అది సగం కథే అనిపిస్తుంది. గొంతు తయారవడం ఒక పని, అది కంపైలై (అంటే రాసిన కోడ్ యంత్రం నడపగల రూపంలోకి మారి), ఇన్‌స్టాలరై, మామూలు మనిషి యంత్రంలో కూర్చోవడం ఇంకో పని. తెలుగుకు ఎక్కువ ఆలస్యం జరిగింది రెండో పనిలోనే.

ఈ విడదీత ఎక్కడ మొదలైందో చూడాలంటే కొంచెం వెనక్కి పోవాలి. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ 'మ్యూజిక్' అనే ప్రోగ్రామ్ రాశాడు. ధ్వనిని కోడ్‌తో పుట్టించే భాషల్లో చాలావాటికి అదే మూలం. 1961లో అదే చోట జాన్ కెల్లీ, కారల్ లాక్‌బామ్ కలిసి కంప్యూటర్ చేత 'డైసీ బెల్' పాట పాడించినప్పుడు వెనక వాద్యసంగీతం సమకూర్చింది కూడా మాథ్యూసే. అంటే పాటా మాటా ఒకే ఇంట్లో పుట్టాయి, ఒకే అలవాటుతో పెరిగాయి. ఆ అలవాటు ఏమిటంటే, పై భాష తేలిగ్గా ఉంటుంది, అసలు ధ్వనిని లెక్కగట్టే భాగాలు మాత్రం కింద వేరే భాషలో రాసి కంపైల్ చేసుకోవాలి. 1980లో డెనిస్ క్లాట్ తన ధ్వనియంత్రం కోడ్‌ను ఫోర్‌ట్రాన్‌లో పరిశోధన వ్యాసంతోపాటే అచ్చువేశాడు. 1990లలో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఫెస్టివల్ అనే మాట పలికించే ప్రోగ్రామ్‌లో పై భాష స్కీమ్, కింద సీ ప్లస్ ప్లస్. యునిక్స్ యంత్రాలున్న విశ్వవిద్యాలయంలో ఇది ఇబ్బందే కాదు, కంపైలర్ ప్రతి యంత్రంలోనూ ఉంటుంది. విండోస్ అలా కాదు. అది కొనుక్కునే మనిషి కోడ్ వండుకుంటాడని ఎవరూ అనుకోలేదు. ధర్పల్లి రైతు తవ్విన పచ్చి పసుపును తవ్వినట్టే నిజామాబాద్ యార్డుకు తోలడు. ఉడకబెట్టి, ఎండబెట్టి, పాలిష్ పట్టాకే అది సరుకు. ఫెస్టివల్ ప్రపంచానికి ఇచ్చింది పచ్చి పసుపు. విండోస్ మీద సిగ్విన్‌తోనో విజువల్ సీ ప్లస్ ప్లస్‌తోనో ఎలా కట్టాలో దాని మాన్యువల్‌లో ఉంది నిజమే. కానీ ఆ పేజీలు చదివి కట్టగలిగే మనిషీ, గొంతు కావలసిన మనిషీ చాలా అరుదుగా ఒకరే అవుతారు.

హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ కథ దీనికి మంచి సాక్ష్యం. సైన్సులో అక్కడ వెనకబాటు లేదు. కిశోర్ ప్రహల్లాద్, ఫెస్టివల్ రచయితల్లో ఒకరైన అలన్ బ్లాక్ కలిసి 2003లో ఒక ప్రశ్న వేసుకున్నారు. రికార్డు చేసిన మాటను ఏ సైజు ముక్కలుగా కోసి మళ్లీ అతికిస్తే బాగుంటుంది? ఇంగ్లీషుకు అలవాటైన చిన్న ధ్వని ముక్కలకన్నా అక్షరమంత ముక్క మేలని హిందీ మీద తేల్చారు. అక్షరాన్నే ప్రమాణంగా రాసుకునే మన భాషలన్నిటికీ పనికొచ్చే మాట అది. 2012లో అదే సంస్థ తెలుగుతో సహా 7 భారతీయ భాషలకు, భాషకు 1000 వాక్యాల చొప్పున, ధ్వని సంగ్రహాలను అందరికీ విడుదల చేసింది. లైనక్స్‌లో డెబియన్ వాడేవారికి ఫెస్టివల్ తెలుగు గొంతు ప్యాకేజీగా ఒక్క ఆదేశంతో దిగేది. విండోస్ వాడే వ్యక్తికి అదే గొంతు, అదే కోడ్, అందని చోట ఉండిపోయింది. ఎవరైనా శ్రమపడి కట్టినా ఇంకో చిక్కు కాచుకుని ఉండేది. విండోస్ గొంతులు సాపి అనే పద్ధతిలో రిజిస్ట్రీలో నమోదు కావాలి. 32 బిట్ల గొంతు ఒక గదిలో, 64 బిట్లది ఇంకో గదిలో నమోదవుతాయి, ఒక గదిలోని గొంతు రెండో గదిలోని ప్రోగ్రామ్‌కు కనబడదు. ఇన్‌స్టాల్ అయింది, కానీ జాబితాలో లేదు. తప్పు ఎక్కడుందో చెప్పే సందేశం కూడా రాదు.

ఈ అడ్డంకి దాటింది మంచి గొంతు కాదు, ముతక గొంతు. జొనాథన్ డడింగ్టన్ అనే ఇంగ్లండ్ ప్రోగ్రామర్ 1995లో ఎకార్న్ కంప్యూటర్ల కోసం మొదలుపెట్టిన చిన్న ప్రోగ్రామ్ 2006లో ఈస్పీక్ అయింది. మనిషి గొంతు రికార్డింగ్ దానికి పెద్దగా అక్కర్లేదు, ఎక్కువగా లెక్కలతోనే ధ్వని పుట్టిస్తుంది, కాబట్టి చాలా చిన్నది. ఆయన విండోస్‌కు సిద్ధంగా కట్టిన ఇన్‌స్టాలర్ కూడా ఇచ్చాడు. అందులో ఒక పెట్టెలో భాష కోడ్ రెండక్షరాలు కొడితే సరి, ఆ గొంతు సాపిలో చేరిపోతుంది. అదే 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కరన్ ఎన్‌వీడీఏ అనే ఉచిత స్క్రీన్ రీడర్ (తెరమీద ఉన్నది పైకి చదివే ప్రోగ్రామ్) మొదలుపెట్టాడు, ఈస్పీక్‌ను దాంట్లోనే కలిపి ఇచ్చాడు. ఈస్పీక్‌లో తెలుగు చేరాక ఎన్‌వీడీఏ పెట్టుకున్న ప్రతి యంత్రానికీ వేరే ఇన్‌స్టాలేషన్ లేకుండానే తెలుగు గొంతు వచ్చింది. అది తెలుగును ఎలా పలుకుతుందంటే, పరాయి ఊరి మనిషి పలికినట్టే. చాలా భాషలు తొలి ప్రయత్నాలేననీ, ఆ భాషవాళ్లు దిద్దాల్సి ఉందనీ ఈస్పీక్ పత్రాలే దాచకుండా చెప్పాయి. దిద్దే వీలు కూడా పెట్టాయి. ఉచ్చారణ నియమాలు ఒక మామూలు టెక్స్ట్ ఫైలు, మినహాయింపులు ఇంకో ఫైలు. మన 'చ'నే తీసుకోండి. చలి, చుక్క అన్నప్పుడు దంతాల దగ్గర పలుకుతాం, చీమ, చెట్టు అన్నప్పుడు కాదు. బ్రౌన్ నిఘంటువు దీనికి ౘ అని వేరే గుర్తు పెట్టింది, ఈనాటి ముద్రణలో ఆ గుర్తు సాధారణంగా కనబడదు. తర్వాత వచ్చే అచ్చును బట్టి నియమం రాద్దామంటే చరిత్ర, చంద్రుడు వంటి సంస్కృత పదాలు అడ్డొస్తాయి, వాటిని మినహాయింపుల్లో చేర్చాలి. ఈ పనికి ప్రోగ్రామింగ్ అక్కర్లేదు, తెలుగు చెవి చాలు. అయితే రాసింది వినిపించాలంటే ఆ రెండు ఫైళ్లనూ కంపైల్ చేసి నిఘంటువు ఫైలుగా మార్చి, దాన్ని ఎన్‌వీడీఏ వెతికే ఫోల్డర్‌లో పెట్టాలి. తెలుగు పండితుడు ఆగిపోయేది సరిగ్గా ఆ గుమ్మం దగ్గరే.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయమైనదే. ఇన్‌స్టాలర్ల మాట పక్కనపెట్టు, ఆ గొంతులు వినసొంపుగా లేకే జనం వాడలేదేమో? చూపున్న శ్రోత విషయంలో ఒప్పుకుంటాను. స్క్రీన్ రీడర్ వాడేవారికి కొలమానం వేరు. మీట నొక్కగానే పలకాలి, వేగం రెండుమూడింతలు పెంచినా మాట చెదరకూడదు. ఈ రెండింటిలో ఈస్పీక్ తీయని గొంతులకన్నా మెరుగు, ప్రపంచమంతటా అంధులు దాన్ని వాడుతున్నది అందుకే. రెండో అభ్యంతరం ఇంకా బలమైనది. ఇప్పుడు ఫోన్‌లో గూగుల్ తెలుగు చదువుతుంది, మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో శ్రుతి, మోహన్ అనే తెలుగు గొంతులు మనిషిలాగే పలుకుతాయి, ఇక ఈ కంపైల్ గొడవ ఎందుకు? వినడానికి అవి ఎంతో మేలు, సందేహం లేదు. కానీ క్లౌడ్ గొంతు నెట్ ఉంటేనే పలుకుతుంది, టైపు చేసే ప్రతి అక్షరానికీ సర్వర్‌కు పోయిరావడం పని జరిగే పద్ధతి కాదు. పైగా ఆ గొంతు మన ఊరి పేరును తప్పు పలికితే దాని మూలాన్ని మనం దిద్దలేం. ఈస్పీక్ ఫైలులో ఒక వరుస రాస్తే దిద్దవచ్చు. విండోస్‌దే తప్పు అని తేల్చేయడమూ సరికాదు. 2005 నుంచీ మైక్రోసాఫ్ట్ తన కంపైలర్‌ను ఎక్స్‌ప్రెస్ పేరుతో ఉచితంగానే ఇచ్చింది. కొరత పడింది పనిముట్టుకు కాదు, దాన్ని పట్టుకుని తెలుగు కోసం కూర్చునే మనిషికి.

కేంద్ర ఐటీ శాఖ నిధులతో, ఐఐటీ మద్రాసుకు చెందిన హేమా మూర్తి సారథ్యంలో నడిచిన ఇండిక్ టీటీఎస్ బృందంలో ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ కూడా ఉంది. ఆ బృందం భారతీయ భాషల గొంతులను తయారుచేయడంతో ఆగకుండా విండోస్‌లో ఎన్‌వీడీఏకూ, లైనక్స్‌లో ఓర్కా అనే స్క్రీన్ రీడర్‌కూ తగిలించింది. ఈ రెండో పనిని కూడా పరిశోధన పద్దులోనే రాసుకోవడం దాని ప్రత్యేకత. అయినా తగిలించడం ఒకసారితో తీరే పని కాదు. 2020 మొదట్లో వచ్చిన ఎన్‌వీడీఏ 2019.3 వెర్షన్ పైథాన్ 2 నుంచి పైథాన్ 3కు మారింది. అంతకుముందు రాసిన యాడ్-ఆన్‌లు, గొంతులను కలిపే డ్రైవర్లతో సహా, సవరించకపోతే పనిచేయలేదు. సోర్స్ కోడ్ దొరికి, కూర్చుని సవరించే మనిషి కూడా దొరికినవి కొత్త వెర్షన్‌లోకి వచ్చాయి. మిగతావాటిని నమ్ముకున్నవాళ్లు పాత ఎన్‌వీడీఏనే ఉంచుకోవాలి, లేదా ఈస్పీక్‌కు తిరిగిపోవాలి.