అలసిన అల్యూమినియం

1988 ఏప్రిల్ 28న హవాయి దీవుల్లో హిలో నుంచి హొనొలులూకి వెళ్తున్న అలోహా ఎయిర్‌లైన్స్ బోయింగ్ 737కి 24,000 అడుగుల ఎత్తులో పైకప్పు ఊడిపోయింది. దాదాపు 18 అడుగుల మేర అల్యూమినియం రేకు. బెల్టులు పెట్టుకుని ఉండబట్టి ప్రయాణికులు బతికారు. నిలబడి ఉన్న ఎయిర్ హోస్టెస్ ఒకావిడ గాల్లోకి కొట్టుకుపోయింది. ఎక్కేటప్పుడే తలుపు దగ్గర పగులు చూసిన ప్రయాణికురాలు ఆ మాట ఎవరికీ చెప్పలేదు.

ఆ విమానం అప్పటికి 89,680 సార్లు ఎగిరింది. బోయింగ్ వేసుకున్న లెక్క 75,000. ఎగిరిన ప్రతిసారీ కేబిన్ కాస్త ఉబ్బుతుంది, దిగాక తగ్గుతుంది. తీగని అటూ ఇటూ వంచుతూ పోతే తెగినట్టే, రేకూ అలసిపోతుంది. కానీ ఎక్కువసార్లు ఎగిరింది కాబట్టి పోయిందంటే అది సగం కథే. రేకుల అతుకులో జిగురు ఊడింది, తేమ దూరింది, లోహాన్ని తినేసింది, భారమంతా రివెట్ల మీద పడింది.

గాలికీ అలసటకీ సంబంధం ఉందని 1932లోనే తెలుసు. ఇంగ్లండ్‌లో గఫ్, సాప్‌విత్ అనే ఇద్దరు కొన్ని లోహాలని శూన్యంలో పరీక్షిస్తే మామూలు గాలిలోకన్నా ఎక్కువకాలం నిలిచాయి. 1961లో పాల్ పారిస్ పగులు పెరిగే వేగానికి ఒక సూత్రం రాశాడు. మూడు పత్రికలు తిప్పికొట్టాక ఒక యూనివర్సిటీ పత్రికలో అచ్చయింది. దాని ప్రకారం అల్యూమినియంలో ఒత్తిడి రెట్టింపైతే పగులు వేగం సుమారు 8 నుంచి 16 రెట్లు అవుతుంది. నాకు ఆసక్తి ఆ ఘాతం మీద కాదు, ముందున్న స్థిరాంకం మీద. అది లోహాన్ని బట్టే కాదు, చుట్టూ ఉన్న గాలిని బట్టీ మారుతుంది. (మా కోడ్‌లో కూడా కాన్‌స్టంట్ అని రాసుకున్నవే ముందు మారతాయి.)

కారణం పగులు కొసలో ఉంది. ప్రతి లాగుడుకీ అక్కడ కొత్త లోహం బయటపడుతుంది. నీటి ఆవిరి దాంతో కలిసి ఆక్సైడ్ అవుతుంది, హైడ్రోజన్ విడుదలవుతుంది. అందులో కొంత లోహంలోకి దూరి పగులుకి దారి సులువు చేస్తుంది. లాగుడు నెమ్మదిగా సాగితే ఆవిరికి సమయం ఎక్కువ. ల్యాబ్‌లో సెకనుకి పదిసార్లు ఊపి తేల్చిన అంకె, రోజుకి పదిసార్లు ఉబ్బే విమానానికి సరిపోతుందా? ఉప్పుగాలిలో అస్సలు సరిపోదు.

అలోహా తర్వాత పాత విమానాల మీద పని చేసినవాళ్ళలో గుడివాడలో పుట్టిన సత్య ఎన్. అట్లూరి ఒకరు. అప్పుడాయన జార్జియా టెక్‌లో ఉన్నారు. వరసగా ఉన్న రివెట్ రంధ్రాల దగ్గర పుట్టిన చిన్న చిన్న పగుళ్ళు ఒక్కసారిగా కలిసిపోతే ఏమవుతుందో లెక్కగట్టడం ఆయన బృందం చేసిన పనుల్లో ఒకటి. పాత విమానాల దృఢత్వం మీద 1991లో వచ్చిన ఒక వ్యాససంపుటికి ఆయన సంపాదకుల్లో ఒకరు. 2013లో పద్మభూషణ్ వచ్చింది. గుడివాడ అంటే మనకి వేరే పేర్లు ముందు గుర్తొస్తాయి, అది వేరే సంగతి.

నేనుండే పటాన్‌చెరు వైపు, ఇక్కడిది పొడిగాలి, లోహానికి ఏమీ కాదనే మాట తరచూ వింటాను. తుప్పు విషయంలో కొంత నిజమే. కానీ నెమ్మదిగా పెరిగే పగులుకి కావలసిన ఆవిరి చాలా తక్కువ. మన మే నెల వడగాలిలో ఉండే తేమే దానికి సరిపోతుంది. జులైలో వాన పడ్డాక ఇంకాస్త తేమ చేరినా, వేగం ఆ నిష్పత్తిలో పెరగదు. పొడిగాలి అనుకుంటూ మనం పీల్చేది, ఆ పగులు లెక్కలో తడిగాలే.