చర్మపు తేమకు కొలత దొరికిన క్రమం

చర్మం పొడిబారడానికి నూనె తగ్గడమే కారణమన్న అభిప్రాయం వైద్యులలో సైతం చాలాకాలం నిలిచి ఉండగా, అమెరికా శాస్త్రవేత్త అర్విన్ బ్లాంక్ కాయకాచిన చర్మపు ముక్కలను పరీక్షించి, ఎండి పెళుసుబారిన ఆ ముక్కలు నూనెలో నానినా మెత్తబడవనీ, నీటిని పీల్చుకున్నప్పుడే వంగుతాయనీ 1952లో వెల్లడించారు. అయితే కోసి తీసిన ముక్కను తూచి నీటిని లెక్కగట్టవచ్చు గానీ, మనిషి ఒంటిమీది చర్మాన్ని తూచే వీలు లేదు. పైగా ఆ నీరు ఉండవలసిన చోటు స్ట్రాటమ్ కార్నియం, అంటే మృతకణాలు పలకలుగా పేరుకొన్న పైపొర. అరచేతులు, అరికాళ్లు మినహా దాని మందం సాధారణంగా 10 నుంచి 20 మైక్రోమీటర్లే.

ఈ చిక్కుకు విద్యుత్తు దారి చూపింది. 1980లో జపాన్ చర్మవైద్యుడు హచిరో తగామి, ఆయన సహచరులు 3.5 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంతో చర్మపు వాహకతను, అనగా విద్యుత్తును ప్రవహింపనిచ్చే గుణాన్ని కొలిచే పద్ధతిని వివరించారు. జర్మనీలో రూపొందిన కార్నియోమీటర్ మాత్రం కెపాసిటెన్స్‌ను, అంటే విద్యుదావేశాన్ని నిలుపుకొనే శక్తిని ఆధారం చేసుకొంది. గది ఉష్ణోగ్రత వద్ద నీటి డైఎలక్ట్రిక్ స్థిరాంకం, అంటే ఆ శక్తిని పెంచే గుణపు కొలత, 80కి దగ్గరగా ఉండగా పైపొరలోని ప్రొటీన్ అయిన కెరటిన్‌ది, ఎండి ఉన్నప్పుడు, అందులో స్వల్పభాగమే కనుక, తేమ పెరిగితే అంకె పెరుగుతుంది. గమనించవలసినదేమంటే, ఈ పరికరాలేవీ నీటిని నేరుగా లెక్కించవు. అవి చూపేది పరిసరాల వేడి, తేమలను బట్టి కూడా మారే ఒక సూచిక మాత్రమే. అందుకే పరిశోధకులు గది ఉష్ణోగ్రతను 20–22 డిగ్రీల దగ్గర, గాలిలోని సాపేక్ష తేమను 40–60 శాతం మధ్య నిలిపి, వచ్చిన వ్యక్తిని కొంతసేపు కూర్చోబెట్టిన తరువాతే కొలత తీసుకొంటారు.

తరువాత వచ్చిన వైర్‌లెస్ సాధనాలు కొలతను ఇంటికి తెచ్చాయి గానీ, వేడి, తేమ అదుపులో ఉండే ఆ గదిని తేలేకపోయాయి. ఈ లోటును గుర్తించిన నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయపు జాన్ రోజర్స్ బృందం 2020లో విద్యుత్తును వదలి వేడిని ఆశ్రయించింది: చర్మానికి అంటుకొనే మెత్తని సెన్సర్ కొద్దిపాటి వేడిని ఇచ్చి, ఉష్ణోగ్రత పెరిగే తీరును కొలిచి, ఆ వివరాన్ని తీగ లేకుండానే ఫోనుకు పంపుతుంది, తేమ గల చర్మం వేడిని త్వరగా లోనికి లాగుకొంటుంది కనుక ఉష్ణోగ్రత తక్కువగా పెరుగుతుంది.

అంగడిలో దొరికే కలం ఆకారపు సాధనాలు ఎక్కువగా పాత విద్యుత్ మార్గాన్నే అనుసరిస్తూ, ఫలితం పక్కన శాతం గుర్తును చేర్చుతాయి. అది చర్మంలోని నీటి శాతమని నమ్మడం పొరపాటు. ఉక్కపోతలో పట్టిన చెమట, అప్పుడే రాసిన క్రీము కూడా అంకెను పెంచగలవు. ఒకే పరికరంతో, ఒకే చోట, ఒకే వేళ, ముఖం కడిగి కొంత వ్యవధి ఇచ్చి తీసిన కొలతలను వాటితో వాటినే పోల్చవచ్చు. వేరొక పరికరం చూపిన అంకెతో పోల్చడానికి ఆధారం లేదు.