యాభై రూపాయల టీకా

హెపటైటిస్ బి వైరస్ రక్తం ద్వారా, లైంగిక సంబంధం ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకూ సోకి కాలేయంలో తిష్ఠ వేస్తుంది. పెద్దల్లో నూటికి 95 మందికి పైగా దాన్ని వదిలించుకోగలరు. పురిట్లో సోకిన శిశువుల్లో మాత్రం నూటికి 90 మందికి జీవితాంతం ఉండిపోతుంది. సిర్రోసిస్‌గానో కాలేయ క్యాన్సర్‌గానో దశాబ్దాల తర్వాత బయటపడుతుంది.

తెలుగునాట కామెర్లంటే పసరు మందే గుర్తొచ్చేది. చాలా రకాల కామెర్లు వాటంతటవే తగ్గుతాయి కాబట్టి నయం చేసిన పేరు పసరుకు దక్కింది. పసరు మొక్కల్లో నేల ఉసిరిని మాత్రం ప్రయోగశాలలూ పట్టించుకున్నాయి. ఈ వైరస్ ఆచూకీ పట్టి 1976లో నోబెల్ అందుకున్న బరూచ్ బ్లంబర్గ్ కూడా 1980ల్లో ఆ మొక్కను పరిశీలించాడు. మద్రాసులో వచ్చిన తొలి ఫలితాలు ఆశ పుట్టించినా, తరువాతి పరీక్షల్లో నిలబడలేదు.

అప్పటికే టీకా ఉంది. 1981లో అమెరికా అనుమతించిన మొదటి రకాన్ని వైరస్ ఉన్నవారి రక్తరసం నుంచి తీసేవారు. 1986లో ఈస్ట్ కణాలతో చేసినది వచ్చింది. తైవాన్ 1984లోనే శిశువులకు వేయడం మొదలుపెట్టి, పిల్లల్లో కాలేయ క్యాన్సర్‌ను తగ్గించింది. పేద దేశాలకు అడ్డుపడింది ధర. 1997 కల్లా అన్ని దేశాలూ ఈ టీకా వేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1992లో చెప్పింది గానీ, భారత్‌లో దిగుమతి డోసు వందల రూపాయలు పలికేది. అలాంటివి మూడు కావాలి.

నెల్లూరు జిల్లాకు చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు వరప్రసాద్ రెడ్డి 1993లో తల్లి పేరిట హైదరాబాద్‌లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టారు. వైద్యం ఆయన చదువు కాదు. పెట్టుబడి ఒమన్ నుంచి వచ్చింది. తొలి పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో, తరువాత కణ, అణు జీవశాస్త్ర కేంద్రం (సీసీఎంబీ)లో సాగింది. వైరస్ పైపొర ప్రోటీన్ జన్యువును పిచియా అనే ఈస్ట్‌లో చేర్చి, మిథనాల్ మేపితే అది ఆ ప్రోటీన్‌ను దండిగా తయారుచేస్తుంది. దాన్ని వేరుచేసి శుద్ధి చేస్తే టీకా. 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి 50 రూపాయలకు వచ్చింది. కొద్ది కాలానికే హైదరాబాద్‌లోనే భారత్ బయోటెక్ పోటీకి దిగడంతో ధర ఇంకా దిగింది.

ప్రభుత్వ కార్యక్రమంలో చేరడం మాత్రం నింపాదిగా జరిగింది: 2002లో కొన్ని నగరాలు, జిల్లాల్లో మొదలై, 2011కు గానీ దేశమంతా విస్తరించలేదు. తల్లి నుంచి సోకకుండా ఆపాలంటే మొదటి డోసు పుట్టిన 24 గంటల్లోపు పడాలి. ఇంట్లో, రాత్రివేళ, సెలవు రోజున పుట్టిన పిల్లలకు అది తప్పిపోయేది. ఒక్క బిడ్డ కోసం పది డోసుల సీసా తెరిస్తే మిగతాది వృథా అవుతుందని సిబ్బంది వెనకాడేవారు. తెరిచిన సీసాను తగిన చల్లదనంలో ఉంచితే 28 రోజుల దాకా వాడవచ్చన్న నిబంధన తరువాత వచ్చింది.