కనెక్టింగు రాడ్డు బలము

ఇంజనులో పిస్టనును క్రాంకు ఇరుసుతో కలుపు ఉక్కుకడ్డీని కనెక్టింగు రాడ్డందురు. వేగము రెట్టింపైనచో పిస్టను రాకపోకలవలన దానిపై బడు లాగుడు నాలుగురెట్లగును. కావున పందెపుటింజనులు చేయువారు దానిని మిక్కిలి బలపఱతురు. బలపఱచుట యనగా లావుచేయుటయే యని తోచును గాని, లావైన కడ్డీకి తన బరువే శత్రువగును.

ఈ మర్మమును లోకమునకు నేర్పినది రాడ్డు కాదు, రైలుఇరుసు. 1842 మే 8వ తేదీన వర్సాయి నుండి పారిసునకు బోవు రైలుబండి యింజనుఇరుసు విఱిగెను. పెట్టెలు కూలి నిప్పంటుకొనెను. తలుపులకు తాళములు వేసియుండుటచే ఏబదిమందికి పైగా మరణించిరి. ప్రసిద్ధనావికుడు ద్యూమో ద్యుర్విల్లు భార్యాపుత్రులతో నందే మడిసెను. తాళము వేసినవారి తెలివిని నేనేమని చెప్పుదును!

అదురుచే ఇనుము లోలోన పెళుసగునని నాడు పలువురు నమ్మిరి. 1843లో రాంకిను అను నింజనీరు విఱిగిన ఇరుసులను పరిశీలించి, పగులు పైతలమున, కొలత మాఱు మూలకడ పుట్టి, మెల్లగా లోనికి ప్రాకునని చూపెను. పిమ్మట జర్మనుడగు వోలరు దీర్ఘకాలము పరీక్షించి, ఒక్కమాఱు మోయగల బరువుకంటె తక్కువది పలుమాఱు పడినను లోహము విఱుగునని నిరూపించెను.

అందుచేతనే నేడు రాడ్డును ఆంగ్లపు ఐ అక్షరపు అడ్డుకోతతో తేలికగా చేసి, మూలలు గుండ్రించి, గీతలు పోవ నునుపుచేసి, సన్నని ఉక్కుగుండ్లను వేగముగ చల్లి పైపొరను అదుముదురు. అదిమిన పొరలో పగులు సులభముగ నోరు తెఱవదు. ఇక క్రిందిమూత బోల్టులను బిగించునపుడు నిపుణులు చేతిబలమును నమ్మక, బోల్టు ఎంత సాగెనో కొలిచి చూతురు.