నాలుగు, ఏడు, 888: సంఖ్యార్థములను గూర్చి ఆదిమ సంఘపు వివాదము
(చేవెళ్ల, మొయినాబాదు సంఘముల దృష్ట్యా ఒక పరిశీలన)

హైదరాబాదు నుండి వికారాబాదుకు పోవు దారిలో మొదట మొయినాబాదు, తరువాత చేవెళ్ల వస్తాయి. మొయినాబాదు మండలములోని చిలుకూరు బాలాజీ ఆలయమునకు వచ్చు భక్తులు కోరిక కోరుకొని 11 ప్రదక్షిణలు, అది తీరిన పిమ్మట 108 ప్రదక్షిణలు చేస్తారు. లెక్క తప్పకుండా గళ్ల కాగితముపై గుర్తులు పెట్టుకొంటూ తిరిగేవారిని అక్కడ ఎప్పుడైనా చూడవచ్చు. అదే మండలములోని ఎనికేపల్లిలో చెరువు తూముకు అమర్చి ఉన్న రెండు జైన స్తంభములు 2023లో వెలుగులోనికి వచ్చాయి. అవి 9-10 శతాబ్దములవని, చిలుకూరులో ఉండిన జైన క్షేత్రమునకు చెందినవని పురాతత్త్వ పరిశోధకులు అభిప్రాయపడ్డారు. వాటి నాలుగు ముఖములపై ఆదినాథుడు, నేమినాథుడు, పార్శ్వనాథుడు, మహావీరుడు ఉన్నారు. తీర్థంకరులు ఇరువది నలుగురు. రాతి ముఖములు నాలుగు గనుక నలుగురు చాలారు.

సంఖ్యను పట్టుకొని ఆరాధించుట ఈ నేలకు వెయ్యేండ్ల అలవాటు. ఈ దారిలోనే పడమరగా వికారాబాదు కేంద్రముగా సాగిన మెథడిస్టు పరిచర్య వలన, దాని తరువాత వచ్చిన ఇతర పరిచర్యల వలన ఏర్పడిన సంఘములలోను నలువది దినముల శ్రమకాలము, ఏడు మాటల ఆరాధన ఉన్నాయి. కాబట్టి "అయ్యగారూ, మన బైబిలులో ఏ సంఖ్య మంచిది?" అని విశ్వాసి అడిగితే కాపరి నవ్వి తప్పించుకొనరాదు. ఆ ప్రశ్న రెండవ శతాబ్దములోనే సంఘము ఎదుర్కొన్నది.

నేటి ఫ్రాన్సులోని లియోను పట్టణపు అధ్యక్షుడు ఐరేనియసు సుమారు 180లో దుర్బోధలకు విరోధముగా ఐదు గ్రంథములు వ్రాశాడు. మొదటి గ్రంథములో మార్కొసు అను జ్ఞానవాదిని గూర్చి విపులముగా చెప్పాడు. గ్రీకులో అక్షరములే అంకెలు. యేసు నామపు గ్రీకు అక్షరముల విలువలు 10, 8, 200, 70, 400, 200, మొత్తము 888. పావురము అను మాటకు 801. అల్ఫా 1, ఓమెగా 800 గనుక అదియు 801. కాబట్టి బాప్తిస్మమప్పుడు దిగిన పావురము అల్ఫా ఓమెగాయే అని మార్కొసు బోధ. తప్పిపోయిన గొఱ్ఱె ఉపమానమును వీరు చేతివ్రేళ్ల లెక్కతో చదివారు. ఆనాటి లెక్కలో 99 వరకు ఎడమచేత, నూరు నుండి కుడిచేత పడుతుంది. ఒక్క గొఱ్ఱె దొరకగానే లెక్క కుడికి మారుతుంది. ఈ వ్యాఖ్య 1945లో నాగ్ హమ్మాదిలో బయటపడిన ‘సత్య సువార్త’లోను కనబడుతున్నది. అందమైన వ్యాఖ్య అని ఒప్పుకొనక తప్పదు.

అయితే ఐరేనియసుకు ఇది పాండిత్య వినోదము కాదు. ఆసియాలో ఒక పరిచారకుని భార్య మార్కొసు వెంట వెళ్లి, తరువాత సహోదరుల ప్రయాసవలన తిరిగివచ్చి కన్నీటితో ఒప్పుకొన్నదని అతడు వ్రాశాడు. రోను నదీ ప్రాంతములోని తన సొంత మందలోనూ స్త్రీలు అనేకులు మోసపోయారు. రహస్య సంఖ్య తెలిసినవారు ఒక తరగతి, తెలియనివారు మరొక తరగతి అయిన చోట సంఘము రెండుగా చీలుతుంది.

అతని జవాబులో వెటకారమున్నది. ఏ సంఖ్యనైనను ఇట్లే నిరూపించవచ్చునని ఐదును తీసుకొన్నాడు: గ్రీకులో రక్షకుడు, తండ్రి, ప్రేమ అను మాటలు ఒక్కొక్కటి ఐదక్షరములు, రొట్టెలు ఐదు, తృప్తి పొందినవారు ఐదువేలు, వ్రేళ్లు ఐదు, ఇంద్రియములు ఐదు. మరి మార్కొసు ఐదును ఎందుకు విడిచాడు? సత్యము నుండి సంఖ్య రావలెను గాని సంఖ్య నుండి సత్యము రాదని అతని వాదము.

ఇంత చెప్పిన ఐరేనియసే మూడవ గ్రంథములో లోకమునకు నాలుగు దిక్కులు, నాలుగు ప్రధాన వాయువులు, కెరూబులకు నాలుగు ముఖములు గనుక సువార్తలు నాలుగే అన్నాడు. ఎనికేపల్లి శిల్పికి ఈ వాదము వింతగా తోచి ఉండదు! మా దృష్టిలో ఇది బలమైన ఋజువు కాదు. కాని నాలుగు సువార్తలు సంఘము చేతిలో ముందే ఉన్నాయి; దిక్కుల పోలిక తరువాత వచ్చింది. మార్కొసు చేసినది దీనికి తలక్రిందులు. ప్రకటన 13:18లోని 666 విషయములోను ఐరేనియసు 616 అను పాఠాంతరమును ఎరుగును, దానిని త్రోసిపుచ్చాడు. 666కు సరిపడు పేర్లు రెండు మూడు చూపి, ఇదమిత్థమని తేల్చకుండా ఊరకున్నాడు.

తెలుగువారికి మరొక పరీక్ష ఉన్నది. 1818లో అచ్చయిన తెలుగు క్రొత్త నిబంధనలో 888 లేదు, ఉండజాలదు. మన అక్షరములు అంకెలు కావు. మేళకర్త రాగముల సంఖ్య తెలియజేయు కటపయాది పద్ధతి వాడితే ‘య’ 1, ‘స’ 7. కుడి నుండి ఎడమకు చదివితే యేసు నామము 71. అదే లెక్కన 71వ మేళము కోసలము. ఇందులో మర్మమేమియు లేదు, రెండు పేర్లు ఒకే హల్లుల విలువపై పడ్డాయి, అంతే. 888లో రక్షణ ఉంటే గ్రీకు రానివారికి రక్షణ లేదు. భాష నుండి భాషకు దాటగల సువార్తకు అక్షరముల మొత్తము పునాది కానేరదు.

ఇక ఏడు మాటలు. మన ప్రాంతమున శుభ శుక్రవారపు ఆరాధన అనగా ఇదే. ఈ క్రమమునకు మూలము 17వ శతాబ్దపు చివర పెరూ దేశపు లీమాలో యేసు సభ గురువులు జరిపిన మూడు గంటల ధ్యానమని చెబుతారు. ఏడు అని ఏ సువార్తికుడును లెక్కించలేదు. లూకాలో మూడు, యోహానులో మూడు, మత్తయి మార్కులలో కలిపి ఒకటి. నాలుగు గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టిన పిమ్మటనే ఏడు. మార్కు సువార్త ఒక్కటే చేతికందిన సంఘమునకు సిలువమీద పలికిన మాట ఒక్కటే, అది నా దేవా, నన్నెందుకు విడిచితివి అను కేక.