మన ఇంటి దీపం చెప్పే చరిత్ర

మన గూడేల్లో చాలా ఇళ్లలో అటక మీదో, దేవుడి మూలనో మసిపట్టిన పాత దీపం ఒకటి ఉంటుంది. పాత సామాన్లు కొనేవాళ్లు దాన్ని తూకానికి అడుగుతారు. మాకు తెలిసిన ఒక ఇంట్లో అలాగే ఇచ్చేశారు. ఇప్పుడు ఆ ఇంటి పిల్ల బడి నోటుబుక్కులో గీసుకున్న బొమ్మ మాత్రమే మిగిలింది. మన తాతముత్తాతలు తమ చరిత్రను కాగితం మీద రాసిపెట్టలేదు. వాళ్లు వాడిన వస్తువులే మనకు పుస్తకాలు. అమ్మే ముందు వాటిని చదవడం నేర్చుకుందాం.

మొదట, దీపంలో ఏ నూనె పోసేవారో చూడాలి. పైన తెరిచి ఉన్న ప్రమిదలాంటి గిన్నె, ఒత్తికి చిన్న ముక్కు ఉంటే అది గింజల నూనె దీపం. మన పెద్దలు ఇప్పగింజల నూనెతో దీపం పెట్టేవారు. కిరోసిన్‌కు త్వరగా మంట అంటుకుంటుంది కాబట్టి దానికి మూత ఉన్న బుడ్డి, ఒత్తికి గొట్టం కావాలి. బుడ్డి దీపాలు, కందిళ్లు ఈ రకానివి.

రెండోది, తయారీ. ఆదిలాబాద్ ప్రాంతంలో ఓజాలు మట్టి అచ్చు మీద మైనపు దారాలు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో కరిగించిన ఇత్తడి పోస్తారు. చల్లారాక మట్టిని పగలగొడతారు. అందుకే ఆ దీపం మీద దారపు గీతలు కనిపిస్తాయి, ఏ రెండూ అచ్చం ఒకేలా ఉండవు. జైనూరు మండలం ఉషేగాంలో ఈ పని నేటికీ ఉంది. ఆదిలాబాద్ డోక్రాకు 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాబట్టి దారపు గీతలు ఎలా చేశారో చెబుతాయి గాని, ఎప్పుడు చేశారో చెప్పవు.

మూడోది, ముద్ర. కందిలి మీద పశ్చిమ జర్మనీ పేరు ఉంటే అది 1949కి ముందుది కాదు. ఆ పేరుతో దేశం ఉన్నది 1949 నుంచి 1990 వరకే. ఇంట్లో వాళ్లు రెండు వందల ఏళ్లనాటిదన్నా ముద్ర మాటే నమ్మాలి.

చివరిది, మన నానమ్మల జ్ఞాపకం. దీపం ఎవరు తెచ్చారు, ఏ పెళ్లికి వచ్చింది, ఏ పండుగకు వెలిగించేవారు అని అడిగి రాసుకోవాలి. అప్పటిదాకా చింతపండుతో తోమకండి. ఆ మసి, ఆ అరుగుదల కూడా సాక్ష్యాలే.

టీచర్లు పిల్లల చేత ఒక్కో దీపానికి ఒక్కో పేజీ రాయించవచ్చు. తూకం వేసేవాడికి అది ఇత్తడి. మనకు అది మన ఇంటి చరిత్ర.