మిద్దె మీద మట్టి, మట్టి మీద సిమెంటు

బళ్ళారి జిల్లాలో మా పాత ఇల్లు చూడడానికి ఒకటే గానీ, లెక్కకు మూడు ఇళ్ళు. ముత్తాత కట్టించిన మట్టి మిద్దె ఒకటి. తాత కరెంటు పెట్టించి, వెనక రేకుల వసారా దించినది రెండోది. 1990ల తర్వాత చిన్నాయనలు సిమెంటు పూయించి, టైల్స్ వేయించి, బాత్రూం కట్టించినది మూడోది. ఈ ఎండాకాలంలో, వానలు పడకముందే, ఇల్లు ఎంత భద్రంగా ఉందో పైనుంచి కింది దాకా చూసినాము. చూస్తుంటే ఇంటి చరిత్రే పొరలు పొరలుగా బయటపడింది.

1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజే బళ్ళారి మైసూరులో కలిసింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆ పక్కకు పోయినాయి, మేము ఈ పక్క ఉండిపోయినాము. మనుషుల మధ్య గీత పడింది గానీ మిద్దెల మధ్య పడలేదు. ఆదోనిలో మిద్దె అనేదే ఇక్కడ కన్నడంలో మాళిగె. వెలుతురు కోసం కప్పులో వదిలే కంతను మేము గవాచి అంటే వాళ్ళు బెళకిండి అంటారు. కట్టే పద్ధతి మాత్రం ఒకటే. రాయీ మట్టీ కలిపిన మందమైన గోడలు, వాటి మీద దూలాలు, దూలాల మీద దంతెలు, ఆపైన కట్టెలు గానీ బండలు గానీ, వాటి మీద మట్టి, అన్నిటికీ పైన చౌడు.

చౌడు గురించి రెండు మాటలు చెప్పాల. ఉప్పు గుణం వల్ల ఆ నేలలో పంట పండదు. కానీ తడిసినప్పుడు అందులోని సన్నటి బంకమట్టి విడిపోయి సందులన్నీ మూసేస్తుంది, నీళ్ళు కిందికి దిగవు. చేనుకు పనికిరాని మట్టి ఇంటికి పనికొచ్చిందన్నమాట. మా అవ్వ చెప్పేదేమంటే, వాళ్ళ అత్తగారి కాలంలో ప్రతి ఏడూ వానలకు ముందు పాత చౌడు చెక్కి తీసేసి కొత్తది పోసేవాళ్ళంట. తర్వాత కూలీలు దొరకడం తగ్గింది. చెక్కడం మానేసినారు, పోయడం మానలేదు.

పిట్టగోడ పక్కన చిన్న గుంత తవ్వి కొలిస్తే మట్టి 14 అంగుళాలు ఉంది. ఇంత మిద్దెకు ఆరు అంగుళాలు చాలని మేస్త్రీ అన్నాడు. చదరపు అడుగు మీద ఒక అంగుళం మట్టి సుమారు 4 కిలోలు తూగుతుంది. మా పడసాల 10 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు. ఎక్కువైన ఎనిమిది అంగుళాల బరువే 5,760 కిలోలు. దాని మీద చిన్నాయనలు ఇక చౌడు బాధ ఉండదని రెండంగుళాల సిమెంటు కాంక్రీటు పోయించినారు. అదింకో రెండు టన్నులకు దగ్గర. తడిస్తే ఇంకా ఎక్కువ. అవ్వ మంచం సరిగ్గా ఆ దూలం కిందే ఉండేది.

బరువు ఒక్కటే అయితే దూలం ఓర్చుకునేదేమో. సిమెంటు బీటలు పడితే నీళ్ళు లోపలికి పోతాయి, తిరిగి ఆరవు. చౌడు తడిసి ఆరుతుంది. సిమెంటు కింద మట్టికి ఆ దారి లేదు. ఆ తేమకు దూలం కొనలు మెత్తబడతాయి, చెద పడుతుంది. నడిమధ్య చూస్తే దూలం ఉక్కులా కనబడుతుంది. చూడాల్సింది అది గోడలోకి దూరే చోటు. సుత్తితో తడితే గట్టి కట్టె ఖంగుమంటుంది, డొల్లది బొదబొదమంటుంది. మా పడసాల పడమటి కొనలో స్క్రూడ్రైవర్ మూడంగుళాలు దిగింది. గోడలకూ ఇదే రోగం. అడుగున సిమెంటు పూత వేసిన చోట తేమ బయటికి రాలేక పైకి ఎగబాకింది.

మాలో ఒకరిది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ ఉద్యోగం. పాత కోడ్‌లో కన్నా, పాతదానికి కొత్తది అతికించిన చోటే బగ్గులు ఎక్కువ దొరుకుతాయనేది అక్కడి అనుభవం. ఇంట్లోనూ అంతే.

కరెంటు సంగతీ అదే. తాత పెట్టించినవి చెక్క పట్టీ మీద రబ్బరు తొడుగు తీగలు, రెండే, ఎర్త్ లేదు. రెండు బల్బులూ ఒక రేడియో ఉన్న ఇంటికి అవి చాలు. వాటికే తర్వాత 2,000 వాట్ల గీజరు తగిలించినారు, అంటే దాదాపు 9 ఆంపియర్లు. ఫ్యూజు మాటిమాటికీ పోతోందని ఎవరో మందపాటి రాగితీగ చుట్టిపోయినారు. రబ్బరు తొడుగు వేలితో ముట్టుకుంటే పొడి రాలుతోంది. అన్నిటికన్నా ముందు ఇదే మార్పించినాము: ఎర్త్ గుంత, కొత్త తీగలు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ.

వసారా మీదివి ఆస్‌బెస్టాస్ సిమెంటు రేకులు. పగలనంత వరకు వాటి జోలికి పోనక్కర లేదు. కోసినా రంధ్రం వేసినా వచ్చే దుమ్ము ఊపిరితిత్తులకు చేటు. సోలార్ పైపు కోసం అక్కడ డ్రిల్లు పెడతామంటే వద్దన్నాము. తలుపుల పాత రంగు గీకడమూ ఆపినాము. రంగుల్లో సీసం 90 పీపీఎం దాటకూడదన్న నియమం 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. అంతకు ముందువి ఆరేడు పూతలున్నాయి ఆ తలుపులకు.

2009 సెప్టెంబరు ఆఖరులో, అక్టోబరు మొదట్లో కురిసిన వానలకు ఉత్తర కర్ణాటకలో, కర్నూలు పక్క ఎన్నో మట్టి ఇళ్ళు కూలినాయి. మాది నిలబడింది. "అప్పుడే పడలేదు, ఇప్పుడేం పడుతుంది" అంటాడు పెద్ద చిన్నాయన. అప్పటి తడి కూడా ఆ దూలం కొనలోనే ఉందని మేమంటాము.

మొత్తం పడగొట్టి ఆర్‌సీసీ వేద్దామని ఇంట్లో సగం మంది. మాకు మనసొప్పలేదు, మిద్దె కింద చల్లదనం ఆర్‌సీసీ కింద రాదు. ప్రస్తుతానికి దూలం కింద రెండు ఇనుప పోట్లు పెట్టినాము. సిమెంటు పగలగొట్టి, రెండు వైపులా సమంగా మట్టి దించుతున్నారు. ఒక పక్కే దించితే గోడ ఒరుగుతుంది. పడమటి కొనకు కొత్త కట్టె అతకాలా, దూలమే మార్చాలా అనేది మట్టంతా దిగినాక మేస్త్రీ చూసి చెప్తాడు. అవ్వ మంచం వసారాలోకి మార్చినాము. రేకుల వేడికి నిద్ర పట్టడం లేదని రోజూ గొణుగుతోంది.